తగ్గిందన్నారని తాళ్లు విప్పకండి

(విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్ సభలో మరబోట్ల యజమానులు, సరంగులు, విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ముందు వరసలో ఉన్న సరంగులకు, కలాసీలకు, వెనక నిలబడే వింటున్న కుర్రాళ్లకు నమస్కారం. శాలువాల సంగతి చివర్లో చూసుకుందాం, నాకిచ్చింది ఇరవై నిమిషాలే.

అంశం ‘తుపాను జాగ్రత్తలు’ అన్నారు. పెను తుపాను గురించి మీకు నేను చెప్పేదేముంది? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరి మీదే తీరం దాటింది. ఇక్కడ ఎవరిని లేపి అడిగినా చెబుతారు. నేను మాట్లాడేది ఇంకో రకం గురించి. ఇవాళో రేపో చచ్చిపోతుందని అందరూ అనుకుంటుంటే చావకుండా, ఎటు పోతుందో తేలనివ్వకుండా సముద్రం మీద వేలాడే బలహీన తుపాను గురించి.

తుపానును చంపేవి ముఖ్యంగా మూడు: విండ్ షియర్, పొడిగాలి, చల్లటి నీరు. ఒకటిన్నర కిలోమీటరు ఎత్తులో గాలి ఒక తీరుగా, పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో మరో తీరుగా వీస్తే ఆ తేడానే షియర్ అంటాం. ఆ తేడా 10 నాట్ల లోపయితే, అంటే గంటకు సుమారు 18 కిలోమీటర్ల లోపయితే, తుపానుకు ఇబ్బంది లేదు. 20 దాటిందా, ఉరుము మేఘాలన్నీ ఒక పక్కకు కొట్టుకుపోయి కింది సుడి బట్టబయలవుతుంది. 2013లో లెహర్ అతి తీవ్ర తుపానుగా ఎదిగి కూడా మచిలీపట్నం చేరేసరికి వాయుగుండంగా మిగిలింది. 2021 డిసెంబరులో జవాద్ మన ఉత్తరాంధ్రను హడలగొట్టి సముద్రంలోనే నీరసించింది. ‘ఊరికే ఖాళీ చేయించారు’ అని అప్పుడు తిట్టినవాళ్లు ఈ సభలోనూ ఉండే ఉంటారు.

మరి కొన్ని ఎందుకు చావవు? మేఘాలు పక్కకు పోయినంత మాత్రాన సుడి వెంటనే ఆగదు. అర్ధరాత్రి దాటాక సముద్రం మీద ఉరుము మేఘాలు జోరందుకుంటాయి. అవి సుడికి దగ్గర్లో పుట్టాయంటే దానికి మళ్లీ ఊపిరి వచ్చినట్టే. రెండోది మన బంగాళాఖాతం నీళ్లు. గంగ, మహానది, గోదావరి తెచ్చిపోసిన మంచినీరు వానాకాలం తర్వాత పైన తేలికపాటి పొరగా నిలుస్తుంది. గాలి ఎంత చిలికినా కింది చల్లనీరు పైకి రావడం కష్టం. నేల మీదికెక్కినా అన్నీ పోవు. 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర తీరం దాటిన గులాబ్ దేశాన్ని అడ్డంగా దాటి, అరేబియా సముద్రంలో షహీన్‌గా లేచి ఒమన్‌ మీద పడింది.

అసలు చిక్కు ఇక్కడుంది, కుర్రాళ్లు కాస్త శ్రద్ధగా వినాలి. బలంగా, ఎత్తుగా ఉన్న తుపానును మధ్య ఎత్తుల్లోని గాలి తోసుకుపోతుంది. మేఘాలు కోల్పోయి పొట్టిదైపోయిన సుడిని కింది గాలి లాక్కుపోతుంది. ఈ రెండు గాలులూ రెండు దిక్కులవి కావచ్చు. అంటే ఎంత బలంగా ఉంటుందో తప్పు లెక్కేస్తే ఎటు పోతుందో కూడా తప్పుతుంది. 2022 మేలో అసని తీరం దాటకుండానే ఈశాన్యానికి మళ్లి ఒడిశా పక్కగా పోతుందన్నది మొదటి అంచనా. తీవ్ర తుపానుగా ఉన్నది నీరసిస్తూ, నీరసిస్తూనే మన తీరం వైపు జరిగి, మే 11 సాయంత్రం మచిలీపట్నం, నరసాపురం మధ్య నేలకెక్కింది. తగ్గుతోందన్న వార్తా, దగ్గరికొస్తోందన్న వార్తా ఒకే రోజు నిజమయ్యాయి!

‘వాతావరణ శాఖవాళ్లు తుపానును రాత్రి బులెటిన్‌లో ఒకచోట, పొద్దున బులెటిన్‌లో ఇంకోచోట చూపిస్తారేం?’ అని అడుగుతారు. న్యాయమే. బట్టబయలైన సుడి పగటి ఉపగ్రహ చిత్రంలో చక్కగా కనిపిస్తుంది. రాత్రి చిత్రాల్లో కింది మేఘం వేడీ, సముద్రం వేడీ ఇంచుమించు ఒకటే కాబట్టి దాక్కుంటుంది. కైలాసగిరి రాడార్ ఉంది కదా అంటారా? భూమి వంపు వల్ల 250 కిలోమీటర్ల దూరానికి దాని కిరణం ఐదారు కిలోమీటర్ల ఎత్తున పోతుంది. పొట్టి సుడి దాని కిందే ఉండిపోతుంది.

ఈ మాట అనకుండా ఉండలేను, అధ్యక్షులవారు మన్నించాలి. పోర్టులో ఎగరేసే ప్రమాద సూచికల్ని మార్కుల్లా చదవడం మనకు అలవాటైపోయింది. అయిదు నుంచి ఆరుకు పెరిగితే గాలి పెరిగినట్టు కాదయ్యా! అయిదంటే తుపాను వెళ్లే దారికి రేవు ఎడమన ఉంటుందని. ఆరంటే కుడిన, ఏడంటే నెత్తి మీద లేదా పక్కనే. ఎనిమిది, తొమ్మిది, పది కూడా ఇదే వరస, తీవ్ర తుపానుకు. పడమరగా వచ్చే తుపాను కాకినాడ దగ్గర దాటితే మనం కుడిపక్క. గాలి సముద్రం నుంచి జెట్టీ మీదికి కొడుతుంది. కళింగపట్నం దగ్గర దాటితే గాలి ఒడ్డు నుంచి వీస్తుంది. ఏ పక్క తాళ్లు ముందు బిగించాలో ఆ నంబరే చెబుతుంది. టీవీలో మాత్రం నంబరు చదువుతారు, ఈ ముక్క చెప్పరు.

సరే, తాళ్ల దగ్గరికి వచ్చాం. గాలి గంటకు 62 కిలోమీటర్లు దాటితే తుపాను, లోపయితే తీవ్ర వాయుగుండం. 65 నుంచి 58కి దిగగానే ‘తుపాను బలహీనపడింది’ అని వార్త వస్తుంది. గాలి బలం వేగం వర్గాన్ని, అంటే వేగాన్ని వేగంతోనే గుణిస్తే వచ్చేదాన్ని, బట్టి ఉంటుంది కాబట్టి తాడు మీద పడే లాగుడు తగ్గేది ఐదో వంతే. పైగా తుపాను బలంగా ఉన్నప్పుడు పుట్టిన అలలు ఇంకా దారిలోనే ఉంటాయి. 12 సెకన్లకొకటి చొప్పున వచ్చే అలల వరస గంటకు 30-35 కిలోమీటర్లు నడుస్తుంది. 500 కిలోమీటర్ల దూరంలో పుట్టినది పదిహేను గంటల తర్వాత మీ బోటును ఊపుతుంది. తగ్గిందన్న వార్త ముందొస్తుంది, అల వెనకొస్తుంది.

తాడు ఎక్కువసార్లు తెగేది లాగుడుకు కాదు, రాపిడికి. నెమ్మదిగా నడిచే తుపాను ఒకటిన్నర రోజు ఊపితే అంచు దగ్గర రాసుకునే చోట పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. అక్కడ పాత హోస్ పైపు ముక్క గానీ గోనె గానీ చుట్టండి. ముందూ వెనకా రెండేసి తాళ్లు వేయండి, వేర్వేరు గుంజలకు. సాగే నైలాను మేలు. నీటిమట్టం లేస్తుంది, కాబట్టి మరీ బిర్రుగా కట్టొద్దు. బోటుకూ బోటుకూ మధ్య టైర్లు వేలాడదీయండి. డెక్కు మీది వలలు, ఐసు పెట్టెలు కిందికి దించండి. నీళ్లు తోడే పంపు బ్యాటరీ చూసుకోండి.

వాన మాటా అంతే. 2024 నవంబరు 30న పుదుచ్చేరి దగ్గర తీరం దాటిన ఫెంగల్, తుపానుల్లో కింది మెట్టుది. గంటల తరబడి కదలకుండా కూర్చుని పుదుచ్చేరిలో 40 సెంటీమీటర్లకు పైగా కురిసింది. అది తుపాను అవుతుందా కాదా అని ముందురోజు దాకా తర్జనభర్జనే.

అధికారులకు ఒక్క విన్నపం. జెట్టీ దగ్గర తెలుగులో పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టించండి. సూచిక నంబరు, తుపాను మనకు ఎడమా కుడా, అల ఎత్తు ఎంత, గాలి ఎన్ని గంటలు ఉంటుంది, ఏ గంట బులెటిన్. కొత్త బులెటిన్ వచ్చినప్పుడల్లా మార్చాలి. రాయడానికి మనిషి లేడంటారేమో, ఈ వెనక నిలబడ్డ కుర్రాళ్లు వంతులేసుకుని రాస్తారు. ఏం తమ్ముడూ, రాస్తారా లేదా?