అన్నమయ్య కీర్తనకి ట్యూన్ ఎవరిది? డిస్కాగ్స్, మ్యూజిక్‌బ్రెయిన్జ్ రివ్యూ

ముందు ఈ ఎల్‌పీ, అంటే పాత గ్రామఫోను రికార్డు, చూడండి, కెమెరాకి దగ్గరగా పెడతా. తిరుపతిలో మా మామ ఇంటి అటక మీద దొరికింది. టీటీడీ కోసం ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారు పాడిన బాలాజీ పంచరత్నమాల సెట్టులో ఇదొకటి. మిగతావి యాడికి పోయినాయో మామకే తెలీదు. కవర్ ఒక మూల చెదలు తినేసినాయి.

పాట గీతలు అయిపోయి లేబుల్ మొదలయ్యే లోపల కొంచెం ఖాళీ ఉంటుంది కదా, లైటు ఇట్లా వాల్చి పట్టుకుంటే అక్కడ చెక్కిన అక్షరాలు కనపడతాయి. దీన్ని రనౌట్ అంటారు, క్రికెట్‌ది కాదప్పా! డిస్కాగ్స్ అనేది రికార్డుల వివరాలు జనమే చేర్చే వెబ్‌సైట్, అందులో రికార్డు ఎక్కించేటప్పుడు ఈ అక్షరాలకి పెద్ద విలువ. ఒకే ఆల్బమ్‌ని మళ్లీ మళ్లీ అచ్చు వేసుంటారు, ఏ అచ్చుకి ఆ పేజీ వేరు. మీ చేతిలో ఉండేది ఏదో ఈ అక్షరాలే పట్టిస్తాయి. 2000లో కెవిన్ లెవాండోస్కీ అనే ప్రోగ్రామర్ డిస్కాగ్స్‌ని మొదలుపెట్టినప్పుడు అందులో ఎలక్ట్రానిక్ మ్యూజిక్ ఒకటే ఉండేది. ఇప్పుడు అన్నీ ఉండాయి, అమ్మకాలు, కొనుగోళ్లు కూడా జరగతా ఉండాయి. అక్కడ రేటు చూసి మన అటకలో లక్షలు ఉండాయనుకోవద్దండి. మా మామ ఒక పూట అనుకున్నాడు.

రికార్డులు, క్యాసెట్లు చేతిలో ఉండేవాళ్లకి డిస్కాగ్స్ బాగుంటుంది. నా దగ్గర ఉండేది ఎక్కువగా ఎంపీ3లు. ‘ట్రాక్ 01’, ‘ట్రాక్ 02’ అని పేర్లు. వాటికి మ్యూజిక్‌బ్రెయిన్జ్, ఇది కూడా పాటల వివరాలు జనమే చేర్చే వెబ్‌సైట్.

దీని పుట్టుకే ఒక కోపంలోంచి. సీడీడీబీ అని ఇంటర్నెట్‌లో సీడీల వివరాల జాబితా ఒకటుండేది. జనం తమ సీడీల్లోని పాటల పేర్లు ఓపిగ్గా టైపు చేసి పెట్టినారు. తర్వాత అది గ్రేస్‌నోట్ అనే కంపెనీ సొత్తు అయిపోయింది. అట్లాంటిది మళ్లీ జరగకూడదని రాబర్ట్ కే దీన్ని మొదలుపెట్టినారు. లాభాపేక్ష లేని మెటాబ్రెయిన్జ్ ఫౌండేషన్ నడపతా ఉంది. అందులోని ముఖ్యమైన డేటాని ఎవురైనా, దేనికైనా వాడుకోవచ్చు.

దీనికి తోడుగా పికార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. స్కాన్ నొక్కితే పాట శబ్దాన్ని బట్టి వేలిముద్ర మాదిరి ఒకటి తీసి, పేరు వెతికి పెడతాది. నేను స్కాన్ చేయకుండా, ఫైలు పేర్లని బట్టి వెతికించి, సరిచూడకుండా సేవ్ కొట్టినా. ఒకరు పాడిన కీర్తన మీదికి ఇంకొకరి పేరు వచ్చి కూర్చుండింది. తప్పు నాదే. కనీసం పాట నిడివి సరిపోయిందా లేదా చూసుకోండి.

ఇప్పుడు అసలు సంగతికొస్తా. అన్నమయ్య కీర్తనకి కంపోజర్ ఎవరు? అన్నమయ్యే కదా అంటారు. తిరుమల గుడిలో దొరికిన రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, పైన రాగం పేరు ఉంది. స్వరాలు లేవు. ఇప్పుడు మనం పాడుకునే వరసలు చాలావరకు ఈ కాలం వాళ్లు కట్టినవే. ‘వినరో భాగ్యము’ వరస గరిమెళ్ల బాలకృష్ణ ప్రసాద్ గారిది. ‘నానాటి బతుకు’ని రేవతి రాగంలో కట్టింది నేదునూరి కృష్ణమూర్తి గారు. చాలా యాప్‌లలో అన్నమయ్య పేరో, పాడినవాళ్ల పేరో తప్ప వీళ్ల పేర్లు కనపడవు.

మ్యూజిక్‌బ్రెయిన్జ్ నాకు నచ్చింది ఇక్కడే. రచన వేరు, రికార్డింగు వేరు, ఆల్బమ్ వేరు. రచనకి సాహిత్యం ఒకరిదని, సంగీతం ఇంకొకరిదని విడిగా కలపొచ్చు. అన్నమయ్య, అన్నమాచార్య, తాళ్లపాక అన్నమాచార్యులు అని ఎట్లా వెతికినా ఒకే మనిషి దగ్గరికి వచ్చేట్టు మారుపేర్లు చేర్చొచ్చు. కవర్ మీద తెలుగు ఉంటే పేరు తెలుగు లిపిలోనే పెట్టొచ్చు.

ఇబ్బందా? ఉంది. మొదటిసారి ఫారం చూస్తే ఆర్టీవో ఆఫీసు గుర్తొస్తాది. ఉన్నదాన్ని మార్చే ఎడిట్లు కొన్ని ఏడు రోజులు ఓటింగులో ఉంటాయి. ఎవురో వచ్చి ‘ఆధారం ఏది’ అంటారు. అడగనీండి, మంచిదే. అందుకే కవర్ స్కాన్ దాచుకోండి.

రేట్ యువర్ మ్యూజిక్ అనే ఇంకో వెబ్‌సైట్ కూడా చూసినా. రేటింగులు, జాబితాలు ఇష్టమైనవాళ్లకి సరదాగా ఉంటాది. నా కీర్తనల పనికి ఉపయోగపడలా.

ఈ ఎల్‌పీ వివరాలు ఈ రాత్రికి ఎక్కిస్తా ఉండా. చెదలు తినిన మూలలో అక్షరాలు పోయినాయి. మీ ఇంట్లో ఇదే సెట్టు కవర్ బాగుంటే, వెనకపక్క ఒక ఫోటో తీసి పెట్టండి.