ఎడారిలో ఏడాదంతా ఐస్, లద్దాఖ్‌లో రెండు నెలలే!

అల్ ఐన్ ఎక్కడుందండీ? యూఏఈలో. ఎడారి! 2025 జూన్‌లో మన అమ్మాయిలు ఐస్ హాకీ ఆసియా కప్‌లో కాంస్యం కొట్టింది అక్కడే, యంత్రాలతో గడ్డకట్టించిన ఐస్ మైదానంలో (దాన్నే రింకు అంటారు). జూన్‌లో! ఆ నెలలో లేహ్‌లో గడ్డకట్టిన చెరువు ఒక్కటి చూపించండి నాకు.

ఇప్పుడు ఒకటే గోల: జట్టులో దాదాపు అందరూ లద్దాఖ్ వాళ్లేనా, మిగతా రాష్ట్రాలకు చోటేదీ అని. అసలు అడగాల్సింది అది కాదు. లద్దాఖ్ పిల్లలకే ఐస్ చాలట్లేదు! డిసెంబరు ఆఖర్లో చెరువు గట్టిపడుతుంది, ఫిబ్రవరి దాటితే కరిగిపోతుంది. మిగతా పది నెలలు స్కేట్లు అటకెక్కాల్సిందే. పదేళ్ల పిల్ల వచ్చే శీతాకాలం దిగేసరికి పాదం ఒక సైజు పెరిగి ఉంటుంది, కాలు పట్టు తప్పి ఉంటుంది. ఉన్న రెండు నెలల్లోనే శిక్షణ, సెలెక్షన్లు, టోర్నీలు అన్నీ!

ఆ రెండు నెలల ఐస్ కూడా ఊరికే రాదు. రాత్రి చలి ముదిరాక నీళ్లు చల్లాలి, పొర నాలుగైదు మిల్లీమీటర్లకు మించకూడదు. అది పూర్తిగా గట్టిపడ్డాకే ఇంకో పొర. తొందరపడి ఒకేసారి పోశారా, పైన పెంకు కడుతుంది, కింద నీళ్లు నిలుస్తాయి. బ్లేడు పడగానే పెంకు పగిలి కాలు దిగబడుతుంది. వేడినీళ్లయితే మేలు, పాత పొరను కాస్త కరిగించి దానికి అతుక్కుంటాయి. పగుళ్లలో తడి మంచు కూరి అదమాలి. అన్నిటికంటే ముందు దుమ్ము ఊడవాలి. లద్దాఖ్ గాలికి దుమ్మెంత ఎగురుతుందో తెలుసుగా. నల్లటి మట్టి ఎండను పీల్చుకుంటుంది, ఆ చుట్టూ ఐస్ గుంట పడుతుంది. బ్లేడు పదునూ దానివల్లే పోతుంది.

గుంటల ఐస్ మీద పక్ ఎగిరెగిరి పడుతుంది. బంతికి బదులు వాడే నూటడెబ్బై గ్రాముల రబ్బరు బిళ్ల అది, గరుకు తగిలిందా, పాస్ ఎటు పోతుందో ఆ దేవుడికే తెలియాలి. అందుకే మన పిల్లలు పాస్ నమ్ముకోరు, ఒక్కరే తీసుకుని దూసుకుపోతారు. ఇది నా సిద్ధాంతం, దీన్ని వదలను: మన ఆట శైలిని తయారుచేసింది కోచ్‌లు కాదు, గరుకు ఐస్!

పదును సంగతీ చెప్పాలి. మామూలు రింకులో బ్లేడు అడుగున గాడి అర అంగుళం వ్యాసార్థంతో పెడతారు. లద్దాఖ్‌లో మైనస్ పదిహేను డిగ్రీల చలిలో ఐస్ రాయిలా ఉంటుంది, అంచు దిగదు, జారిపోతుంది. అక్కడ గాడి ఇంకా లోతుగా, అంటే ఇంకా చిన్న వ్యాసార్థంతో, అంగుళంలో ఎనిమిదింట మూడొంతులతో కావాలి. లోతు పెరిగితే పట్టు పెరుగుతుంది, వేగం కొంచెం తగ్గుతుంది.

'విశాఖలో, హైదరాబాదులో రోలర్ స్కేట్ల మీద నేర్పితే చాలదా?' చాలదండీ! ఐస్ మీద ఆగాలంటే రెండు బ్లేడులూ అడ్డంగా తిప్పి ఐస్‌ను చెక్కాలి. చక్రం అలా చెక్కదు, నేలను పట్టేస్తుంది. కాళ్లకు బలమొస్తుంది, ఆగడం మాత్రం మొదటినుంచి నేర్చుకోవాల్సిందే.

పైకప్పు, కింద చల్లదనమిచ్చే పైపులు, పన్నెండు నెలల కరెంటు. ఇవే కావాలి, కరెంటుకు డబ్బు ముందే పక్కన పెట్టాలి! డెహ్రాడూన్‌లో 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం రింకు కట్టారు. ఆటలయ్యాయి, నడిపే ఖర్చు భరించలేక ఏళ్ల తరబడి తాళం పడింది. మళ్లీ తెరుచుకునేసరికి 2025. కట్టిన ఏడాది పుట్టిన పిల్లకు అప్పటికి పద్నాలుగేళ్లు!