15కి 15 గెలిచిన పార్టీని దించేశారు! గ్రెనడా ఎలక్షన్ కబుర్లు

హాయ్ అండీ, అందరికీ నమస్కారం. ఇవాళ వంట వీడియో కాదు. నిన్న, అంటే 2022 జూన్ 23న, మేముంటున్న కరీబియన్ దీవి దేశం గ్రెనడాలో జనరల్ ఎలక్షన్స్ జరిగాయి. రాత్రికే ఫలితం తేలిపోయింది, ప్రభుత్వం మారింది. ఇక్కడి మెడికల్ యూనివర్సిటీలో పిల్లల్ని చదివిస్తున్న అమ్మలు పొద్దున్నుంచీ మెసేజ్‌లు పెడుతున్నారు, "అక్కా, గొడవలేం లేవు కదా?" అని. ఏం లేవండీ, టెన్షన్ పడకండి. గెలిచిన పార్టీ పసుపు జెండాలు, హారన్లు, పాటలు, అంతే.

ఈ దేశం జనాభా లక్ష చిల్లర. సీట్లు 15. ఒక్కో చోట పోలయ్యేది సగటున 4 వేల ఓట్లు. మన దగ్గర ఒక పెద్ద పంచాయతీలో సర్పంచ్ ఎన్నిక ఎలా ఉంటుందో అలా ఉంటుందన్నమాట. క్యాండిడేట్ ఎవరి అబ్బాయో, ఏ బళ్ళో చదివాడో అందరికీ తెలుసు. మొన్న గ్రాండ్ ఆన్స్ నుంచి టౌన్‌కి ఒకటో నంబర్ బస్సెక్కాను. మినీ వ్యాన్ అది, మోకాళ్ళు మోకాళ్ళు తగులుతాయి, దిగాలంటే పైకప్పు మీద తట్టాలి. వాదన ఎంత జోరుగా సాగిందంటే, ఒకాయన తట్టడం మర్చిపోయి తన స్టాప్ దాటిపోయాడు! ఎవరూ ఎవర్నీ తిట్టలేదు. అది నాకు చాలా నచ్చింది.

అధికారం పోగొట్టుకున్న కీత్ మిచెల్ గారు మామూలు నాయకుడు కాదు. 1995 నుంచి 2008 దాకా, మళ్ళీ 2013 నుంచి ఇప్పటిదాకా ఆయనే ప్రధాని. 1999, 2013, 2018... మూడుసార్లు ఆయన ఆకుపచ్చ పార్టీ మొత్తం 15 సీట్లూ ఊడ్చేసింది. కానీ 2018లో ఆ పార్టీకి వచ్చిన ఓట్లు దాదాపు 59 శాతమే. మిగతా 40 శాతం మంది తరఫున సభలో నోరెత్తడానికి ఒక్కరూ గెలవలేదు! చివరికి అధికార పార్టీ నుంచే టోబయాస్ క్లెమెంట్ అనే సభ్యుడు బయటికొచ్చి ప్రతిపక్ష నేత అయ్యారు. ఈసారి పసుపు పార్టీకి 9, ఆకుపచ్చకి 6. గెలిపించిన నాయకుడి ఇంటిపేరూ మిచెల్లే, డికన్ మిచెల్, 44 ఏళ్ళ లాయరు. ఇద్దరికీ చుట్టరికం లేదు. పార్టీ పగ్గాలు పట్టి ఇంకా ఏడాది కూడా కాలేదు.

మా ఇంటి ఓనర్ ఆంటీ ఏ పార్టీకి వేశారో నేనడగలేదు. ఆవిడ మాత్రం తెల్లారకముందే రెడీ అయిపోయారు. ఎందుకంత తొందర ఆంటీ అంటే, "మేం ఓటు లేని రోజులు చూశామమ్మా" అన్నారు. నిజమే. 1979లో విప్లవం వచ్చాక ఇక్కడ ఎన్నికలే జరగలేదు. 1983 అక్టోబర్‌లో, ఆ విప్లవాన్ని నడిపిన ప్రధాని మారిస్ బిషప్‌ని కాల్చి చంపారు. వారం తిరక్కుండానే అమెరికా సైన్యం దిగింది, అప్పట్లో ఇక్కడి మెడికల్ యూనివర్సిటీలో చదువుతున్న అమెరికన్ స్టూడెంట్ల భద్రత కోసమేనని చెప్పి. మళ్ళీ ఓటు పడింది 1984 డిసెంబర్‌లో. ఆంటీకి అప్పుడు పాతికేళ్ళట.

ఎవరు గెలిచారన్న దానికంటే, సభలో ఎదురుగా ఆరుగురు కూర్చోబోతున్నారన్నదే నాకు ఎక్కువ సంతోషం. కీత్ గారు తన సీటు నిలబెట్టుకున్నారు, అన్నేళ్ళు పాలించిన మనిషి అడిగే ప్రశ్నలకి కొత్తవాళ్ళు జవాబు చెప్పాలి. మంత్రులెవరో తేలాక ఇంకో వీడియో పెడతాను. పిల్లల ఫీజులు, వీసాల గురించి అడిగినవాళ్ళకి అందులోనే చెప్తానండీ.