పీపీ గారు ఎవరి లాయరు?

(స్క్రీన్ మీద: ఒంగోలు జిల్లా కోర్టు ఆవరణ, ఉదయం పూట. నల్లకోట్లు, ఫైళ్లు, వాయిదాకి వచ్చిన జనం.)

నమస్తే అండీ. ఒంగోలులోనో నెల్లూరులోనో కోర్టు దగ్గర కాసేపు నిలబడితే ఈ మాట చెవిన పడుతుంది: "పీపీ మన వైపే కదా, ఇంక టెన్షన్ ఎందుకు?" ఫిర్యాదు చేసినవాళ్లు అలా అనుకుంటారు. పోలీసులు కూడా ఆయన్ని తమ లాయరుగానే చూస్తారు. ఇద్దరూ పొరబడుతున్నారు. పీపీ అంటే పబ్లిక్ ప్రాసిక్యూటర్, క్రిమినల్ కేసుల్లో ఆయన నిలబడేది ప్రభుత్వం తరఫున. నిర్దోషిని జైలుకు పంపితే ప్రభుత్వం గెలిచినట్టు కాదు.

ఒక కేసు ఊహించుకుందాం.

(స్క్రీన్ మీద: రొయ్యల చెరువు, నీటికి గాలి అందించే ఏరియేటర్లు తిరుగుతున్నాయి.)

అల్లూరు దగ్గర ఒక చెరువు మీద రాత్రి రెండు గంటలప్పుడు ఏరియేటర్ మోటార్లు ఎవరో ఎత్తుకెళ్లారు. కాపలా మనిషి ఒక మినీ లారీ డ్రైవర్ పేరు చెప్పాడు. ఛార్జిషీటు పడింది. విచారణ ముందురోజు ఏపీపీ (అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్) మేడం కేస్ డైరీ, అంటే పోలీసులు దర్యాప్తు వివరాలు రాసుకునే ఫైలు, తిరగేస్తుంటే మధ్యలో ఒక కాగితం కనపడింది. సరిగ్గా అదే సమయానికి ఆ డ్రైవర్ బండి టంగుటూరు టోల్‌ప్లాజా దాటినట్టు ఫాస్టాగ్ రికార్డు! అల్లూరు నెల్లూరు జిల్లాలో, టంగుటూరు ప్రకాశం జిల్లాలో. ముద్దాయికి ఇచ్చిన కాగితాల్లో మాత్రం ఇది లేదు.

మేడం అడిగితే ఎస్సై అన్నాడు: "అది మనకి పనికిరాదని పక్కన పెట్టాం మేడం. ఆ బండి ఇంకెవరైనా నడిపి ఉండొచ్చు కదా."

ఉండొచ్చు. ఆ మాటే కోర్టులో వాదించొచ్చు. కాగితం దాచే హక్కు మాత్రం మేడంకి లేదు. లాయర్ల వృత్తిని నియంత్రించే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలు ఈ విషయం సూటిగానే చెప్పాయి: నిర్దోషికి శిక్ష పడేలా ప్రాసిక్యూషన్ నడపకూడదు, ముద్దాయి నిర్దోషి అని తేల్చగల ఆధారాన్ని తొక్కిపెట్టకూడదు. ఢిల్లీలో మోడల్ జెస్సికా లాల్ హత్య కేసులో 2010లో సుప్రీంకోర్టు ప్రాసిక్యూటర్‌కి ఉన్న ఈ బాధ్యతను గట్టిగా చెప్పింది. 2021లో మరో అడుగు వేసి, పోలీసులు వాడుకోని పత్రాల జాబితా కూడా ముద్దాయికి ఇవ్వాలంది.

కాబట్టి మేడం చేయాల్సింది ఆ రికార్డును కోర్టు ముందు, డిఫెన్స్ లాయరు ముందు పెట్టడం. కేసు పోవచ్చు. శిక్షల శాతం ఎంత అని పైనుంచి అడిగేవాళ్లు ఉంటారు, ఆ ఒత్తిడి చిన్నదేం కాదు. అయినా ఆ కాగితం బయటపెట్టిన ఏపీపీనే నేను మంచి ఏపీపీ అంటాను.

సాక్షుల విషయంలోనూ ఇంతే. బోనెక్కే ముందు సాక్షికి తన పాత స్టేట్‌మెంట్ గుర్తు చేయొచ్చు. లేనిది నేర్పించకూడదు.

బాధితుల కుటుంబం సొంత లాయర్ని పెట్టుకుంటే? పెట్టుకోవచ్చు. కానీ ఆయన పీపీ చెప్పినట్టు నడుచుకోవాలి, సాక్ష్యం ముగిశాక కోర్టు అనుమతిస్తే రాతపూర్వక వాదన ఇవ్వొచ్చు. 1999లో శివకుమార్ వర్సెస్ హుకుంచంద్ కేసులో సుప్రీంకోర్టు కారణం కూడా చెప్పింది. ప్రైవేటు లాయరు దృష్టి ఎలాగైనా శిక్ష వేయించడం మీద ఉంటుంది, పీపీకి ఆ దాహం ఉండకూడదు.

(స్క్రీన్ మీద: ఒక జీవో కాగితం, పక్కన కోర్టులో వేసే పిటిషన్.)

ఇక అన్నిటికన్నా కష్టమైన పరీక్ష. ప్రభుత్వం మారింది. ఏదో ధర్నా కేసో, నాయకుడి మీద కేసో ఎత్తేయమని జీవో వచ్చింది. పీపీ సంతకం పెట్టి పంపేయడమేనా? కాదండీ. క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీలో దీనికి 321 సెక్షన్ ఉండేది, దాని స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 360 సెక్షన్. కేసు ఉపసంహరణకు పిటిషన్ వేసే అధికారం పీపీదే, ఒప్పుకునే అధికారం కోర్టుది. ప్రభుత్వం సలహా ఇవ్వొచ్చు, కానీ పీపీ ఫైలు చదివి, ప్రజలకు మేలని తనకు నమ్మకం కుదిరితేనే వేయాలి. కేరళ అసెంబ్లీలో జరిగిన విధ్వంసం కేసును ఎత్తేయడానికి 2021లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. కొత్త చట్టంలో ఇంకో మంచి మార్పు వచ్చింది: బాధితుల మాట వినకుండా కోర్టు ఉపసంహరణకు అనుమతి ఇవ్వకూడదు. మీ కేసు ఎత్తేస్తున్నారని తెలిస్తే వాయిదా రోజు వెళ్లి మీ మాట చెప్పండి.

సివిల్ వైపు ప్రభుత్వం తరఫున వాదించే గవర్నమెంట్ ప్లీడర్లు (జీపీలు) ఉంటారు. భూసేకరణ కేసులో రైతుకు నోటీసు అందలేదని ఫైలు చెబుతుంటే, అందినట్టు కౌంటర్ (కోర్టుకిచ్చే రాతపూర్వక జవాబు) వేయమని ఆఫీసు నుంచి ఫోన్ వస్తే జీపీ ఒప్పుకోకూడదు. అధికారి తనతో చెప్పుకున్న సంగతులు బయటపెట్టకూడదు, నిజమే. అయితే అబద్ధపు కౌంటర్‌లో పాలుపంచుకోవడానికి ఆ రహస్యం అడ్డుపెట్టుకోలేరు. జీపీ కాకముందు ఒక రైతు తరఫున వేసిన దావాలో ఇప్పుడు ప్రభుత్వం వైపు నిలబడటం కూడా కుదరదు.

ప్రభుత్వ లాయరు దారి తప్పాడని మీ దగ్గర ఆధారం ఉంటే ఆంధ్రప్రదేశ్ బార్ కౌన్సిల్‌కి ఫిర్యాదు చేయొచ్చు. అడ్వకేట్స్ చట్టం 35 సెక్షన్ కింద మందలింపు నుంచి, లాయర్ల జాబితా (రోల్) నుంచి పేరు తీసేయడం దాకా శిక్షలున్నాయి. ముద్దాయిని విడిచిపెట్టిన తీర్పు మీద బాధితులు సొంతంగా అప్పీలుకు వెళ్లొచ్చు, దానికి పీపీ సంతకం అక్కర్లేదు. తీర్పు కాపీకి ఆ రోజే దరఖాస్తు పెట్టుకోండి.