ఒక్కసారి ఉగాండా అని కొట్టి చూడండి
(ఒక ఇంజనీరింగ్ కాలేజీ టెక్ ఫెస్ట్‌లో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న ప్రిన్సిపాల్ గారికి, హెచ్‌ఓడీ మేడమ్ గారికి, ఎప్పుడు ఫోన్ చేసినా "ఒకసారి మా పిల్లలతో మాట్లాడవయ్యా" అంటూ చివరికి నన్ను రప్పించిన మా మాస్టారికి, పొద్దున్నించి మైకులతో కుస్తీ పడుతున్న వాలంటీర్లకి, పిల్లలందరికీ నమస్కారం. శాలువా కప్పారు, మొక్క ఇచ్చారు, సంతోషం.

నాకిచ్చిన అంశం 'ఓపెన్ సోర్స్‌లో కెరీర్ అవకాశాలు'. ఓపెన్ సోర్స్ అంటే ఎవరైనా కోడ్ చూసి, మార్చుకోగలిగే సాఫ్ట్‌వేర్. స్లైడ్లు చేసుకొచ్చాను కూడా. కానీ ఇందాక మీ ల్యాబ్ చూస్తుంటే ఒకబ్బాయి టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైప్ చేసే కిటికీలో, తన కోడ్ మార్పులు భద్రపరచడానికి గిట్ కమిట్ అని కొట్టాడు. కోడ్ రాసుకునే ఎడిటర్ ఒకటి తెరుచుకుంది. ఏం నొక్కాలో తెలియక టెర్మినల్‌నే మూసేశాడు. అప్పుడే అనుకున్నాను, ఈ రోజు స్లైడ్లు వద్దు, ఆ ఎడిటర్ గురించే మాట్లాడదామని. దాని పేరు విమ్.

ఆ అబ్బాయిని ఏమీ అనడం లేదు. విమ్ నుంచి బయటికి రావడం ఎలా అన్న ప్రశ్నని స్టాక్ ఓవర్‌ఫ్లో అనే ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైట్‌లో 2017 నాటికే పది లక్షలసార్లు తెరిచి చూశారు. ఎస్కేప్ నొక్కి, కోలన్, క్యూ, ఆశ్చర్యార్థకం, ఎంటర్. అంతే. దీని మీద జోకులు చాలా ఉన్నాయి, అవి మీకే ఎక్కువ తెలుసు. నేను లోపలికి వెళ్ళడం గురించి మాట్లాడతాను.

కొంచెం చరిత్ర. 1976 ప్రాంతంలో అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో బిల్ జాయ్ అనే విద్యార్థి 'వీఐ' అనే ఎడిటర్ రాశాడు. మీ వయసువాడే, కొంచెం పెద్ద. అప్పటి మోడెమ్ వేగం 300 బాడ్, అంటే సెకనుకి ముప్ఫై అక్షరాలు. తెర మొత్తం మళ్ళీ గీయాలంటే ఎదురుచూస్తూ కూర్చోవాలి. అందుకే ఆ కమాండ్లన్నీ ఒకటి రెండు అక్షరాలే. ఆయన వాడిన ఏడీఎమ్-3ఏ టెర్మినల్‌లో బాణం గుర్తులు హెచ్, జె, కె, ఎల్ మీటల మీదే ముద్రించి ఉండేవి. ఎస్కేప్ మీట ఇప్పటి ట్యాబ్ ఉన్నచోట ఉండేది. ఇప్పుడు జీమెయిల్ షార్ట్‌కట్లు ఆన్ చేసి జె, కె నొక్కితే ఉత్తరాల మధ్య కిందికీ పైకీ పోతున్నారే, అది ఆ పాత టెర్మినల్ చలవే. విజువల్ స్టూడియో కోడ్‌లోనూ, జెట్‌బ్రెయిన్స్ వాళ్ళ ఎడిటర్లలోనూ విమ్ మీటలు కావాలని జనం ప్లగిన్లు వేసుకుంటున్నారు. యంత్రం పోయింది, వేళ్ళకి అలవాటు మిగిలింది.

ఇప్పుడు మన కథానాయకుడు. బ్రామ్ మోలెనార్, నెదర్లాండ్స్. 1988లో అమీగా అనే కంప్యూటర్ కొన్నాడు. అందులో వీఐ లేదు. స్టీవీ అనే చిన్న నకలు దొరికితే దాన్ని బాగుచేయడం మొదలుపెట్టాడు. అదే విమ్. 1991 నవంబర్‌లో అందరికీ ఇచ్చాడు. ఎలా? కోడ్ పంచుకునే గిట్‌హబ్ లేదు, ఇంటర్నెట్ అందరికీ లేదు. అమెరికాలో ఫ్రెడ్ ఫిష్ అనే ఆయన అమీగా ప్రోగ్రాములు పోగుచేసి ఫ్లాపీల మీద పంచేవాడు. ఆ వరసలో 591వ ఫ్లాపీలో విమ్ మొదటిసారి బయటికొచ్చింది. మరుసటి ఏడాదే యూనిక్స్ మీదికి వెళ్ళింది. తర్వాత లినక్స్, విండోస్, మ్యాక్. ఏ ఊళ్ళో ఏ లినక్స్ సర్వర్‌లోకి లాగిన్ అయినా దాదాపుగా వీఐ అని కొడితే ఏదో ఒక రూపంలో ఉంటుంది. అర్ధరాత్రి సర్వర్ పడిపోయి, మేనేజర్ ఫోన్ మీద ఫోన్ చేస్తుంటే, ఆ టెన్షన్‌లో నాకు దిక్కు అదే.

ల్యాప్‌టాప్ తెచ్చుకున్నవాళ్ళు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. తెరవండి. టెర్మినల్‌లో ఫైలు పేరేమీ ఇవ్వకుండా విమ్ అని మాత్రం కొట్టండి. ఇప్పుడు కోలన్ పెట్టి, హెల్ప్, ఒక ఖాళీ, ఉగాండా అని కొట్టండి. అవును, దేశం పేరే. మినిమల్ వెర్షన్ ఉన్నవాళ్ళకి హెల్ప్ రాకపోవచ్చు, పక్కవాళ్ళ తెర చూడండి.

వచ్చిందా? చదువుతూ ఉండండి, నేను చెబుతూ ఉంటాను.

1994లో బ్రామ్ ఉగాండాలో కిబాలె అనే పల్లెలో ఒక ఏడాదిపాటు స్వచ్ఛందంగా పనిచేశాడు. దక్షిణాన, టాంజానియా సరిహద్దు దగ్గర. మంచినీళ్ళు, పారిశుద్ధ్యం పనులు చూశాడు. ఎయిడ్స్ ఆ ప్రాంతాన్ని ఊడ్చేసిన కాలం అది. ఆ జిల్లాలో మూడున్నర లక్షల జనాభా ఉంటే అరవై వేలమంది పిల్లలకి తల్లో తండ్రో ఇద్దరూనో లేరని మీ ముందున్న తెర మీదే ఆయన రాశాడు. తిరిగొచ్చి ఆ పిల్లల కోసం ఐసీసీఎఫ్ హాలండ్ అనే సంస్థ పెట్టాడు. విమ్ ఎంతైనా వాడుకోండి, ఎంతమందికైనా కాపీ ఇవ్వండి, వీలైతే ఆ పిల్లలకి ఏమైనా పంపండి అన్నాడు. షరతు కాదు, మనవి. ఆయన ఉన్నన్నాళ్ళూ విమ్ తెరవగానే కనిపించే తెర మీద ఉగాండా పేద పిల్లలకి సాయం చేయండి అన్న వాక్యం ఉండేది. 2006లో గూగుల్‌లో ఉద్యోగం వచ్చాక, విమ్ పని కోసం స్పాన్సర్లు ఇచ్చే డబ్బు కూడా అటే పంపాడు.

ఆ వాక్యం కోట్లసార్లు తెర మీద కనబడి ఉంటుంది. చలివేంద్రంలో నీళ్ళు తాగినవాడు కుండ ఎవరు నింపుతున్నారో చూడడు, అది మామూలే. కానీ ఇక్కడ కుండ మీదే రాసి ఉంది!

ఒక సంగతి చెప్పాలి. ఇది మాస్టారికి తెలుసు, మూడోసారి వింటున్నారు, క్షమించాలి. కొన్నేళ్ళ కిందట నేనొక కంపెనీలో సర్వర్లు చూసేవాణ్ణి. పేరొద్దు. మా టీమ్ మొత్తం విమ్‌లోనే బతికేది. ఏడాదికి ఒకసారి చిన్న మొత్తం కిబాలెకి పంపుదామని అడిగాను. అకౌంట్స్‌లో "ఇన్‌వాయిస్ పెట్టండి" అన్నారు. ఇది విరాళమండీ అన్నాను. "అయితే సీఎస్‌ఆర్, అదే సామాజిక సేవా నిధి వాళ్ళని అడగండి" అన్నారు. వాళ్ళు "మన జిల్లా స్కూళ్ళకే ఇస్తాం" అన్నారు. సరే, అదీ న్యాయమే. పర్చేజ్ వాళ్ళ దగ్గరికి పోతే ఒకాయన కళ్ళజోడు తీసి, "ఫ్రీ అని నువ్వే కదయ్యా చెప్పావు, మళ్ళీ డబ్బులేంటి?" అన్నాడు. ఆ వారమే కంపెనీలో ఓపెన్ సోర్స్ దినోత్సవం అని పెద్ద కేకు కోశారు. పెంగ్విన్ బొమ్మ కేకు. నా లెక్కలో ఆ కేకు ఖరీదే నేనడిగిన దానికంటే ఎక్కువ. చివరికి టీమ్‌లో తలా కొంత వేసుకుని ఒకరి కార్డు మీద పంపాం. మీ నవ్వులు బాగానే ఉన్నాయిగానీ, రేపు మీలో కొందరు ఆ పర్చేజ్ కుర్చీలో కూర్చుంటారు.

బ్రామ్ దేవుడేమీ కాదు. ముప్ఫై ఏళ్ళపాటు దాదాపు ప్రతి మార్పూ ఆయన చేతి మీదుగానే లోపలికి వెళ్ళేది. దానివల్ల నాణ్యత నిలిచింది, కొందరికి విసుగూ వచ్చింది. 2014లో బ్రెజిల్‌కి చెందిన తియాగో ద అరుడా పెద్ద మార్పు ఒకటి పంపితే అది లోపలికి పోలేదు. దాంతో విమ్ కోడ్ తీసుకుని విడిపోయి నియోవిమ్ అనే వేరే ఎడిటర్ పుట్టింది. రెండేళ్ళ తర్వాత విమ్ 8 వచ్చేసరికి అందులోనూ నేపథ్యంలో పనులు నడిపే సౌకర్యం చేరింది. పోటీ లేకపోతే అంత త్వరగా వచ్చేది కాదని నా నమ్మకం. విడిపోయే హక్కు లైసెన్సులోనే ఉంది కాబట్టి ఇద్దరూ బతికారు.

2023 ఆగస్టు 3న బ్రామ్ చనిపోయాడు. 62 ఏళ్ళు. ఇంతకాలం ఒక్కడి మీద నడిచింది, ఇక అయిపోయిందనుకున్నాం. క్రిస్టియన్ బ్రబాంట్, మరికొందరు పాతకాపులు పగ్గాలు అందుకున్నారు. అయిదు నెలలు తిరక్కుండా, 2024 జనవరి 2న విమ్ 9.1 వచ్చింది, బ్రామ్‌కి అంకితంగా. పని ఆగలేదు, ఎందుకంటే ఎప్పటినుంచో ప్యాచ్‌లు, అంటే కోడ్ సవరణలు, పంపుతున్నవాళ్ళు ఉన్నారు. ఆ వరసలో మనవాళ్ళ పేర్లు ఎన్ని ఉంటాయి? ఇదే నా బాధ.

మేడమ్ వాచీ చూపిస్తున్నారు, రెండు నిమిషాలు మేడమ్.

ఆ హెల్ప్‌ని కోలన్, క్యూ, ఎంటర్ కొట్టి మూసి, ఐ నొక్కి, మీలో ఎవరైనా 'స్త్రీ' అని తెలుగులో టైప్ చేయండి. చూశారా, చాలామందికి ఒత్తులు విడిపోయాయి, కర్సర్ ఒకచోట, అక్షరం ఒకచోట. టెర్మినల్ తెరని సమానమైన గళ్ళుగా కోస్తుంది. ఆ ఒక్క అక్షరంలో, కంప్యూటర్లు అక్షరాలకి వాడే యూనికోడ్ లెక్కన, ఆరు ముక్కలున్నాయి, వాటిని కలిపి ఎన్ని గళ్ళలో పెట్టాలో దానికి తెలియదు. తప్పు విమ్ ఒక్కదానిదే కాదు, టెర్మినల్‌ది కూడా. దీన్ని నెదర్లాండ్స్‌లో ఎవరో వచ్చి సరిచేయాలా? ఒత్తు ఎక్కడుండాలో తెలిసినవాళ్ళు ఈ హాలు నిండా ఉన్నారు.

ఫైనల్ ఇయర్ వాళ్ళకి నా విన్నపం. ప్రతి ఏడాదీ అదే లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్, అదే హోటల్ బుకింగ్. సీనియర్ల రిపోర్టులో పేరు మార్చి బైండింగ్ చేయించడం. ఈసారి ఒక్క బ్యాచ్, నలుగురు చాలు, ఒక ఓపెన్ సోర్స్ టెర్మినల్ తీసుకుని ఈ 'స్త్రీ' సంగతి చూడండి. పూర్తిగా సరికాకపోయినా, సరైన బగ్ రిపోర్టు రాయండి చాలు. ప్రిన్సిపాల్ గారూ, దాన్ని ప్రాజెక్టుగా ఒప్పుకుంటామని ఇక్కడే, మైకులో చెప్పాలండీ. తల ఊపితే రికార్డవదు.

కెరీర్ స్లైడ్లు మాస్టారి పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి, జీతాల పట్టిక చివర్లో ఉంది, తీసుకోండి. సాయంత్రం ల్యాబ్ తెరిచే ఉంచుతామన్నారు. నా బస్సు ఏడింటికి. అప్పటిదాకా అక్కడే ఉంటాను, ముందు విమ్ నేర్పే పాఠం విమ్‌ట్యూటర్ చేద్దాం, ఆ తర్వాత టెర్మినల్ సోర్స్ తెరుద్దాం.