స్విచ్చి వేసే ముందు అడగాల్సిన ప్రశ్న

(చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలుసుకునే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో ఒక భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడి ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, వెనుక వరుసలో ఫ్యాను కింద చోటు చూసుకున్న నా మిత్రులకు నమస్కారం.

'తరగతి బోధనలో సాంకేతికత' అనే అంశం ఇచ్చి, పీపీటీ ముందే పంపమని నిర్వాహకులు రెండుసార్లు ఫోను చేశారు. పంపలేదు. చేయడం రాక కాదు. ఇరవై రెండేళ్లుగా శిక్షణలకు హాజరవుతున్నాను. తెర మీదున్న వాక్యాలనే వక్త చదివి వినిపిస్తుంటే మనం ఏం చేస్తామో నాకు తెలుసు, నేనూ అదే చేశాను. అందుకే ఈ రోజు తెర బదులు మీ కుర్చీల మీద ఒక్కొక్క కార్డు పెట్టించాను. నల్ల గడుల బొమ్మ ఉన్నది, అదే. విసనకర్రగా వాడుతున్నవారు దయచేసి మడత పడకుండా చూడండి.

ఒక చిన్న ప్రశ్న. బ్యాటరీకి ఒకే రకం బల్బులు రెండు శ్రేణి సంధానంలో, అంటే ఒకే తీగ దారిలో ఒకదాని తరువాత ఒకటిగా, కలిపాం. స్విచ్చి వేస్తే ఏ బల్బు ఎక్కువగా వెలుగుతుంది? బ్యాటరీ ధన ధ్రువానికి దగ్గరున్నది అంటారా, అది 'ఎ'. దూరంగా ఉన్నది 'బి'. రెండూ సమానం 'సి'. ఏదీ వెలగదు 'డి'. కార్డు నాలుగు అంచుల్లో ఈ అక్షరాలు చిన్నగా ఉంటాయి. మీ జవాబున్న అంచు పైకి వచ్చేలా పట్టుకుని ఎత్తండి. అక్షరం చిన్నది కాబట్టి పక్కవారికి కనపడదు, మొహమాటం అక్కర్లేదు.

ఫోను కెమెరాను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పాను. అయిపోయింది. ఎవరు ఏమన్నారో నాకు వచ్చేసింది. బయటపెట్టను. తప్పు చెప్పినవారిలో సైన్సు వారూ ఉన్నారు, అంతవరకే చెబుతాను.

దీని పేరు ప్లికర్స్, కార్డులను కెమెరాతో చదివే ఫోను యాప్. పిల్లలకు ఫోను అక్కర్లేదు, ట్యాబ్ అక్కర్లేదు. పిల్లవాడికి ఒక కాగితం, మాస్టారికి ఒక ఫోను. కార్డుకో నంబరు ఉంటుంది కాబట్టి ఏ జవాబు ఎవరిదో తెలుస్తుంది. సాంకేతికత అనగానే తరగతి గోడకు పెట్టే ఖరీదైన డిజిటల్ తెర, అదే ప్యానెల్, గుర్తొస్తుంది గానీ, నా తరగతిని మార్చింది జిరాక్స్ షాపులో తీయించిన ఈ కాగితాలు.

నిరుడు పదో తరగతిలో ఇదే ప్రశ్న అడిగాను. అప్పటికే రెండు పీరియడ్లు విద్యుత్ ప్రవాహం చెప్పాను. ప్యానెల్ మీద వీడియో చూపించాను. 'అర్థమైందా' అంటే 'అయింది సార్' అని కప్పు ఎగిరేలా అరిచారు. కార్డులు ఎత్తించాక చూస్తే, 38 మందిలో 21 మంది 'ఎ' అన్నారు. ధన ధ్రువానికి దగ్గరున్న బల్బే ఎక్కువ వెలుగుతుందట.

నాకు మొదట కోపం వచ్చింది. తరువాత ఒకమ్మాయిని కారణం అడిగాను. "మొదటి బల్బు వాడుకోగా మిగిలిందే కదా సార్ రెండో దానికి వెళ్లేది" అంది. నేను చెప్పిన పాఠం కంటే ఆ అమ్మాయి తర్కమే బలంగా ఉంది. మాది కాలువ చివరి భూముల ఊరు. ఎగువ రైతులు తడుపుకోగా మిగిలితేనే మాకు నీళ్లు. ఆ ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలు తీగలోని కరెంటును కాలువలోని నీటిలా ఊహించుకోవడంలో తప్పేముంది? ఇది మా ఊరి పొరపాటు మాత్రమే కాదు. ప్రవాహం బల్బులో ఖర్చైపోతుందన్న ఊహ ఎన్నో దేశాల పిల్లల్లో కనిపిస్తుందని భౌతికశాస్త్ర బోధన మీద పరిశోధన చేసినవారు దశాబ్దాలుగా రాస్తున్నారు. నేను 22 ఏళ్లు పాఠం చెప్పి కూడా నా తరగతిలో అది ఉందని గమనించలేదు. 'అయింది సార్' దాన్ని కప్పేసింది.

అప్పుడు ప్యానెల్ ఆన్ చేశాను. ఫెట్ అనుకరణలు, అంటే కంప్యూటర్ తెర మీద చేసి చూసే సైన్సు ప్రయోగాలు, మీలో కొందరికి తెలుసు. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టారు. ఉచితం. కొన్నింటికి తెలుగు కూడా ఉంది. దింపుకుని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే నెట్ లేకపోయినా నడుస్తాయి. వలయాలు కట్టే అనుకరణలో తీగలో కణాలు కదలడం కనిపిస్తుంది. తీగను నేరుగా బ్యాటరీ రెండు కొసలకూ కలిపితే మంటలు లేస్తాయి. మా వాళ్లు ముందు ఆ పని చేశారు. చేయనిచ్చాను, అది చేస్తే గానీ మిగతాది వినరు.

తరువాత కరెంటును కొలిచే అమ్మీటరును ఆ అనుకరణలోనే మొదటి బల్బుకు ముందు, రెండు బల్బుల మధ్య, రెండో బల్బు తరువాత పెట్టించాను. పెట్టిన ప్రతిసారీ, విలువ చూడకముందే, ఎంత వస్తుందో నోటుబుక్కులో రాయమన్నాను. ఈ రాయించడమే అసలు పని. రాయకుండా చూస్తే, చూశాక 'నేను ముందే అనుకున్నాను' అంటారు. మనమూ అంటాం. మూడు చోట్లా ఒకే విలువ వచ్చింది. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

అక్కడితో ఆపేసి ఉంటే నేను గెలిచాననుకుని స్టాఫ్ రూముకు వెళ్లేవాణ్ణి. కానీ వెనుక బెంచీ నుంచి ఒకడు "అది కంప్యూటర్ కదా సార్, వాళ్లు ఎలా పెడితే అలా చూపిస్తుంది" అన్నాడు. పిల్లవాడికి ఆ అనుమానం రావడం మంచిదే. ల్యాబ్ నుంచి టార్చి బల్బులు తెచ్చి కలిపాం. చూస్తే మొదటి బల్బు కొంచెం ఎక్కువగా వెలుగుతోంది! 'ఎ' అన్నవాళ్ల కేరింతలు మీరు వినాల్సింది.

ఒకే పెట్టెలోంచి తీసిన రెండు బల్బులు కూడా అచ్చంగా సమానంగా ఉండవు. ఆ సంగతి నాకు తెలుసు, కానీ చెప్పలేదు. "ఏం చేస్తే తేలుతుంది?" అని అడిగాను. ఒక నిమిషం గుసగుసల తరువాత ఇందాకటి అమ్మాయే లేచి, బల్బుల చోట్లు మార్చమంది. మార్చాం. ఎక్కువ వెలుగు ఆ బల్బుతో పాటే రెండో చోటికి వెళ్లింది. తేడా చోటులో లేదు, బల్బులో ఉంది. ఈ మాట నేను అనలేదు, వాళ్లు అన్నారు. తెర మీది బల్బులు మచ్చలేనివి కాబట్టి, ఈ పాఠం తెర మీద ఎప్పటికీ జరగదు. అమ్మీటరు మూడు చోట్లా ఒకటే చూపించడం ముందుగా తెర మీద చూడకపోతే, ఆ తేడాకు కారణం ఇంకేదో ఉండాలన్న ఆలోచనా వచ్చేది కాదేమో.

ఆ పీరియడ్‌లో ప్యానెల్ వెలిగింది పది పన్నెండు నిమిషాలే. మిగిలిన సమయమంతా పిల్లలు ఊహించడం, రాయడం, వాదించుకోవడం. అందుకే పరికరం ఏదైనా నేను అడిగే ప్రశ్న ఒకటే: ఇది పిల్లవాడికి బొమ్మ చూపిస్తుందా, పిల్లవాడి బుర్రలో ఉన్నది నాకు చూపిస్తుందా? మొదటి రకానికి మన దేశంలో యాభై ఏళ్ల చరిత్ర ఉంది. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు 'సైట్' ప్రయోగం పేరుతో ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా టీవీ పాఠాలు వచ్చాయి. అప్పటి ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. 2004 సెప్టెంబరులో మన శ్రీహరికోట నుంచే చదువుల కోసం ఎడ్యుశాట్ ఉపగ్రహం వెళ్లింది. 2020లో కరోనా వేళ తెలంగాణ పిల్లలు యాదగిరి, టీశాట్ చానళ్లలో, మన ఆంధ్ర పిల్లలు దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు విన్నారు. అవి లేకపోతే ఆ రోజుల్లో ఆ పాఠాలూ ఉండేవి కావు, తీసిపారేయను. కానీ టీవీ ముందు కూర్చున్న పిల్లవాడు కళ్లు చిట్లించినా, చెప్పేవారికి కనపడదు. మనకు కనపడుతుంది. ప్యానెల్ కొన్న తరువాత కూడా మనం టీవీలా ప్రవర్తిస్తే ఏం లాభం?

పెరూ దేశంలో పిల్లలకు లక్షల సంఖ్యలో చిన్న ల్యాప్‌టాప్‌లు పంచారు. 2012లో వెలువడిన అధ్యయనంలో లెక్కలు, భాష మార్కులు పెరిగిన దాఖలా దొరకలేదు. గుజరాత్‌లోని వడోదర మునిసిపల్ బడుల్లో మరోలా జరిగింది. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం అక్కడ నాలుగో తరగతి పిల్లలను కంప్యూటరుకు ఇద్దరు చొప్పున కూర్చోబెట్టి, వారానికి రెండు గంటలు లెక్కల ఆటలు ఆడించింది. పిల్లవాడు చేయగలిగినదాన్ని బట్టి లెక్క కష్టం మారుతుంది. లెక్కల్లో మార్కులు బాగా పెరిగాయి. మానేసిన ఏడాదికి ఆ లాభం చాలావరకు తగ్గింది కూడా. నాకు నచ్చిన సంగతి వేరే ఉంది. ఆ కంప్యూటర్లు కొత్తగా కొన్నవి కావు. ప్రభుత్వం ఇచ్చినవి, అప్పటికే బడుల్లో వాడకుండా పడి ఉన్నవి ఎక్కువ. మన బీరువాల తాళాలు గుర్తొచ్చాయి కదూ.

వీడియోల గురించి ఒక్క మాట. తెర మీద వీడియో నడుస్తుంటే తరగతి నిశ్శబ్దంగా ఉంటుంది. ఆ నిశ్శబ్దాన్ని చాలాకాలం శ్రద్ధ అనుకున్నాను. ఇప్పుడు నేను వీడియో మొదట శబ్దం తీసేసి వేస్తాను. గ్రహణం పాఠమనుకోండి, మూడు నిమిషాల బొమ్మ. ఒక పిల్లవాడు లేచి క్రికెట్ వ్యాఖ్యానంలా తెలుగులో చెప్పాలి. 'చంద్రుడు అడ్డం వచ్చాడు, నీడ భూమి మీద పడింది' అని ఒకడంటే, 'కాదురా, భూమే అడ్డం వచ్చింది' అని ఇంకొకడు అందుకుంటాడు. అక్కడ వీడియో ఆపేస్తాను, తగువు తేలాకే ముందుకు. చివర్లో శబ్దంతో వేస్తే అందులోని ఇంగ్లీషు కూడా సగం అర్థమవుతుంది, ఎందుకంటే జరిగేది ఏమిటో వాళ్లకు అప్పటికే తెలుసు. ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క తెలుగు ఉన్న మన పాఠ్యపుస్తకాలను కూడా ఇలాగే వాడవచ్చు.

ఇన్ని యాప్‌లలో ఫొటోలు ఎక్కించి, హాజరు వేసి, ఆపైన ఇవన్నీ ఎప్పుడు చేయాలని మీరు అడగబోతున్నారు. న్యాయమైన ప్రశ్న. నా దగ్గర జవాబు లేదు, నా కోటా ఫొటోలు నేనూ ఎక్కిస్తున్నాను. వారానికి ఒక్క పాఠం, ఒక్క ప్రశ్న. అంతకంటే నేనూ చేయడం లేదు. కరెంటు పోతే ప్యానెల్ పాఠాన్ని నల్లబల్ల మీద నడిపేలా ముందే అనుకుని వెళ్లండి. కార్డులకు అది కూడా అక్కర్లేదు, ఫోనులో ఛార్జింగు, డాటా ఉంటే చాలు.

కార్డులు మందపాటి కాగితం మీద తీయించండి. మెరిసే ల్యామినేషన్ వద్దు, వెలుగు పడి కెమెరా చదవదు. నేను మొదటిసారి నలభై కార్డులకు ల్యామినేషన్ చేయించి డబ్బు పారేసుకున్నాను. అనుకరణలున్న పెన్‌డ్రైవ్ ఈ బల్ల మీదుంది, ల్యాప్‌టాప్ తెచ్చినవారు ఎక్కించుకోండి. వెళ్లేటప్పుడు కార్డులు మాత్రం నంబర్ల వరుసలో పెట్టి ఇచ్చి వెళ్లండి. సోమవారం రెండో పీరియడ్‌కు తొమ్మిదో తరగతిలో కావాలి.