నీళ్ళలోకి తీసుకెళ్ళే చాకు

శ్రోతలకు నమస్కారం.

ధవళేశ్వరం ఆనకట్టకి పైన ఒక గోదావరి, కింద మరో గోదావరి. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచీ ఎండాకాలం నీరు చాలామటుకు కాలవల్లోకి మళ్ళుతుంది. దిగువన గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల్లోకి పోటు వచ్చినప్పుడల్లా సముద్రపు నీరు ఎగదన్నుతుంది. రాజమండ్రి రేవుల్లో ఏ నెలలో దిగినా చప్పటి నీరే. అదే ఏప్రిల్లో అంతర్వేదిలోనో ఓడలరేవులోనో దిగితే, నోట్లోకి పోయిన గుక్కే తేడా చెప్పేస్తుంది. ఈతకి వెళ్తూ మడత చాకు దగ్గర పెట్టుకుందామనుకునేవాళ్ళు కొట్టుకి వెళ్ళేముందే తేల్చుకోవలసిన సంగతి ఇది. మనం దిగేది ఏ నీళ్ళలో?

ఈతకి చాకెందుకండీ అని అడిగేవాళ్ళూ ఉంటారు. మడ అడవుల కాలవల్లోనూ, నది సముద్రంలో కలిసే మొగల దగ్గరా నీళ్ళ కింద వలలు కట్టి ఉంటాయి. తెగి కొట్టుకొచ్చిన వల ముక్కలు, పీతల బుట్టల తాళ్ళు, గాలం తీగలు సరేసరి. నైలాన్ కుళ్ళదు, చేత్తో లాగితే తెగదు. సన్నటి తీగైతే మన వేలే తెగుతుంది. అది కాలికి చుట్టుకుంటే, ఊపిరి బిగబట్టగలిగినంతసేపే మనకున్న వ్యవధి. చాకు ఆ కాస్త వ్యవధి కోసం. గుర్రపుడెక్కలో చిక్కితే మాత్రం చాకు అక్కరకి రాదు. వెల్లకిలా తిరిగి, చేతులతో నెట్టుకుంటూ వచ్చిన దారినే వెనక్కి రావాలి.

ఒక మాట ముందే చెప్పేస్తే మంచిది. నీళ్ళలోకి మడత లేని పొట్టి చాకు, గట్టి ప్లాస్టిక్ ఒరలో ఉన్నది, మడత చాకు కంటే ఎప్పుడూ మేలే. తెరిచే పని లేదు, ఉప్పు దాక్కునే సందు లేదు. కానీ కాలికో నడుముకో ఒర కట్టుకుని ఈదడం అందరికీ కుదరదు. నిక్కరు జేబులో ఇమిడిపోతుందనే మడత చాకు కొంటాం. మడత ఉన్నందుకు ఏమేం చూసుకోవాలో అదే ఇప్పుడు చెప్పుకోబోయేది.

“తుప్పు పట్టదండీ బాబూ, అసలు సిసలు స్టెయిన్‌లెస్” అంటాడు కొట్టతను. ఆ మాటలో సగం నిజం. ఉక్కులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటే దాన్ని స్టెయిన్‌లెస్ అంటారు. ఆ క్రోమియం గాలిలో ఉన్న ఆక్సిజన్‌తో కలిసి, కంటికి ఆనని పొరగా ఉక్కు మీద కమ్ముకుంటుంది. గీత పడ్డా మళ్ళీ దానంతటదే కమ్ముకుంటుంది. సముద్రపు నీళ్ళలో లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది. ఉప్పులోని క్లోరైడు ఆ పొరలో సూదిమొనంత చోట చొరబడుతుంది. అక్కడ పడిన గుంటలోకి ఆక్సిజన్ అందదు. లోపల ఆమ్లం ఊరుతుంది, గుంట లోతెక్కుతుంది. పైకి చూస్తే నల్లచుక్క, లోపలంతా పుచ్చుపన్ను.

ఇందులో ఇంకో మెలికుంది. పదును నిలవాలంటే మామూలుగా ఉక్కులో కార్బన్ ఉండాలి. ఆ కార్బన్ క్రోమియాన్ని పట్టుకుని గట్టి రేణువులుగా మార్చేస్తుంది. రేణువుల్లో ఇరుక్కున్న క్రోమియం పై పొరకి పనికిరాదు. అందుకే 440సి అనే ఉక్కులో 17 శాతం దాకా క్రోమియం ఉన్నా, 1 శాతం కార్బన్ అందులో కొంత తినేస్తుంది. 14సి28ఎన్ అనే ఉక్కులో క్రోమియం 14 శాతమే. కార్బన్ 0.6 శాతం, దాంతోపాటు కాస్త నైట్రోజన్. ఉప్పునీళ్ళకి ఇదే మెరుగ్గా తట్టుకుంటుంది. డి2 అని చెక్కి ఉంటే తీసుకోకండి. కార్బన్ 1.5 శాతం, క్రోమియం 12 శాతం. పదును బ్రహ్మాండంగా నిలుస్తుంది కానీ తీరంలో ఉప్పుగాలికే మచ్చలు పడుతుంది.

కంపెనీల పేర్లు చెప్పను, ఉక్కు పేర్లు చెబుతాను, రాసుకోండి. బ్లేడు మొదట్లో, పిడి పక్కన చిన్న అక్షరాలు చెక్కి ఉంటాయి. 8సిఆర్13 అని ఉంటే కార్బన్ 0.8 శాతం, క్రోమియం 13 శాతం అని చదువుకోవాలి. 3సిఆర్13 అంటే కార్బన్ 0.3. మొదటి అంకె చిన్నదయ్యేకొద్దీ తుప్పు తక్కువ, పదును కూడా తక్కువే. ఏ అక్షరాలూ లేకుండా ఉత్త స్టెయిన్‌లెస్ అని ఉన్నదాన్ని తీర్థంలో కొన్న బొమ్మతో సమానంగా చూడండి.

ఉప్పునీళ్ళని బాగా తట్టుకునే ఉక్కులు వేరే ఉన్నాయి. వాటిలో కొన్నిట్లో కార్బన్ చేసే పనిలో కొంత నైట్రోజన్ చేస్తుంది. నైట్రోజన్ క్రోమియాన్ని అంతగా తినదు. జపాన్ నుంచి వచ్చిన హెచ్1లో కార్బన్ 0.15 శాతం లోపే. విమానాల బేరింగుల కోసం తయారైన ఉక్కు ఒకటి చాకుల్లోకి ఎల్‌సి200ఎన్ అనే పేరుతో వచ్చింది. 2021లో వచ్చిన మాగ్నాకట్ కథ ఇంకా విచిత్రం. అందులో క్రోమియం 11 శాతం కూడా లేదు. కానీ ఆ ఉన్నదంతా రేణువుల్లో చిక్కుకోకుండా విడిగా ఉండేలా పాళ్ళు కుదిర్చారు, అందుకే తట్టుకుంటుంది. ఇవన్నీ ఖరీదైనవే. ఆనకట్టకి పైనా, పంట కాలవల్లోనూ ఈదేవాళ్ళు అంత డబ్బు పోయనక్కర్లేదు. 14సి28ఎన్ దొరికితే చాలు, అది లేకపోతే కార్బన్ తక్కువున్న 420 రకం ఉక్కైనా సరే. యానాం నుంచి కిందికి, అంతర్వేది, పేరుపాలెం, ఉప్పాడ వైపు వారం వారం దిగేవాళ్ళకి మాత్రం ఈ ఖరీదైన ఉక్కే మంచిది.

అయస్కాంతం సంగతి కూడా చెప్పాలి. గిన్నెల కొట్లో అయస్కాంతం పెట్టి చూసి, అంటుకోకపోతే మంచి స్టీలు అంటాం. గిన్నెకి ఆ లెక్క చాలావరకు సరే. చాకుకి లెక్క తిరగబడుతుంది. గట్టిపరచిన చాకు ఉక్కు అయస్కాంతానికి అంటుకుంటుంది. బొత్తిగా అంటుకోకపోతే అది చాలావరకు గిన్నెల ఉక్కే, పదును నిలవదు. టైటానియం బ్లేడుకి తుప్పన్నదే లేదు, అంటుకోదు కూడా. కానీ అది మెత్తన, తాళ్ళు కోస్తే తొందరగా మొద్దుబారుతుంది.

ఇంతసేపూ బ్లేడు గురించి మాట్లాడుకున్నాం. నిజానికి చాకుని చంపేది బ్లేడు తుప్పు కాదండి. బ్లేడు మీద మచ్చ పడితే తోముకోవచ్చు. బ్లేడు తిరిగే ఇరుసు బిగుసుకుపోతే అవసరానికి చాకే తెరుచుకోదు. పిడి రేకుల సందులో ఉప్పునీరు నిలుస్తుంది, గాలి ఆడదు, ఆక్సిజన్ అందని చోట పై పొర మళ్ళీ కమ్ముకోదు. కంపెనీవాళ్ళు మంచి ఉక్కంతా బ్లేడుకి పెట్టి, స్క్రూలు, తాళం స్ప్రింగు, జేబు క్లిప్పు, పిడి లోపలి పల్చటి రేకులు చవక ఉక్కుతో సరిపెడతారు. అందుకే కొనేటప్పుడు చాకుని తెరిచి దీపం కింద వెనకనుంచి చూడండి. పిడి లోపలికి వెలుగు కనబడాలి. అంటే వెనక భాగం తెరిపిగా ఉండాలి, నీరు కారిపోవాలి, ఇసక కడుక్కోవడానికి వీలుండాలి. ఇరుసు దగ్గర కంచు వాషర్లో ప్లాస్టిక్ వాషర్లో ఉన్నది తీసుకోండి. బాల్ బేరింగులు వేసినది కొట్లో వెన్నలా తెరుచుకుంటుంది. ఒక్కసారి గోదావరి ఒండ్రు, ఇసక లోపలికి పోయాయంటే ఆ గుండ్ల మధ్య కరకరలాడి పట్టేస్తుంది. పిడికి చెక్క వద్దు, నానితే ఉబ్బి ఇరుసుని బిగించేస్తుంది. గాజుపీచు కలిపిన నైలాన్ పిడి చవక, తేలిక, నీటికి చలించదు. రంగు పసుపో నారింజో అయితే మేలు. వరదనీటిలో అరచెయ్యి లోతుకే ఏమీ కనబడదు, అందులో నల్లపిడి జారితే వెతకడం దండగ.

తాళం గురించి. బ్లేడు తెరిచాక బిగిసి నిలబెట్టే ఏర్పాటు తప్పకుండా ఉండాలి. అది లేని చాకు లాగేటప్పుడు మన వేళ్ళ మీదికే ముడుచుకుంటుంది. వెన్ను వైపు నొక్కే తాళం గట్టిదే, కానీ అది కూర్చునే గాడిలో రెండు ఇసకరేణువులు చేరితే పూర్తిగా పడదు. టక్‌మని చప్పుడు వినిపించకపోతే తాళం పడలేదనే అర్థం. బటన్ నొక్కగానే ఎగిరి తెరుచుకునే చాకుల జోలికి పోవద్దు. ముందు తుప్పు పట్టేది ఆ స్ప్రింగే, పైగా పోలీసువారికీ అవి నచ్చవు.

బ్లేడు పొడవు 7, 8 సెంటీమీటర్లుంటే చాలు. మొన వాడిగా కాక మొండిగా ఉండాలి. నీళ్ళలో కంగారుగా వలకీ కాలికీ మధ్య బ్లేడు దూర్చేటప్పుడు వాడి మొన పిక్కలో దిగుతుంది. అంచు సగమైనా పళ్ళతో ఉండాలి. వరి కోసే కొడవలికి కక్కు ఎందుకు కొట్టిస్తారు? నున్నటి అంచు మీద తడి గడ్డి జారిపోతుంది, కక్కు పట్టుకుని కోస్తుంది. తడిసి వదులైన నైలాన్ తాడు కూడా అంతే. బ్లేడులో బొటనవేలు దూరేంత రంధ్రం ఉంటే ఒక్క చేత్తో తెరవచ్చు. గోటితో లాగి తెరిచే గాడి ఉన్నది నీళ్ళలో పనికిరాదు. అరగంట నానిన గోరు మెత్తబడి వంగిపోతుంది.

ఎక్కడ పెట్టుకోవాలి? మొలతాడుకి తాళంచెవులు కట్టుకునే అలవాటు మనకుంది, చాకునీ దానికే కడతారు. ఇది మంచిది కాదు. నూలుతాడు ఉప్పునీటిని పీల్చుకుని గంటల తరబడి చాకుకి అంటించి ఉంచుతుంది. పైగా చాకు వేలాడుతూ అదే వలలో చిక్కుకుంటుంది. మెడలో తాడు అంతకన్నా ప్రమాదం. ప్లాస్టిక్ జిప్పున్న జేబులో పెట్టి, 3 మిల్లీమీటర్ల నైలాన్ దారంతో ఒక జానెడు ఉచ్చు కట్టి, ఉచ్చు కొన అందేలా జేబు అంచున ఉంచండి. ఒక్క క్లిప్పు మీదే భారం వేస్తే నాలుగు బారలు వేసేసరికి ఊడుతుంది.

కొన్న రోజే నీళ్ళలోకి తీసుకెళ్ళకండి. లీటరు నీళ్ళలో ఆరు టీస్పూన్ల ఉప్పు కలపండి. గుడ్డ తడిపి, సగం తెరిచిన చాకుకి చుట్టి, ఒక పగలూ రాత్రీ ఉంచండి. విప్పి చూస్తే గుడ్డ మీద ఎర్రమరక ఎక్కడుందో అక్కడే రేపు ఇబ్బంది. ఎక్కువసార్లు అది స్క్రూల దగ్గరే ఉంటుంది. తరవాత 8 మిల్లీమీటర్ల నైలాన్ తాడు తడిపి బకెట్లో వదిలేసి, కళ్ళు మూసుకుని ఒంటిచేత్తో చాకు తీసి, తెరిచి, కోసి చూడండి. కుడిచేత్తో ఒకసారి, ఎడమచేత్తో ఒకసారి. ఏ చెయ్యి చిక్కుకుంటుందో ముందు తెలియదు కదా.

నిజంగా వల పట్టుకుంటే కాళ్ళు తన్నవద్దు. తన్నినకొద్దీ చుట్టుకుంటుంది. గుండ్రంగా తిరగొద్దు. వచ్చిన వైపే ఒక బార వెనక్కి జరిగితే వల వదులవుతుంది, చాలాసార్లు చాకు తీయకుండానే విడిపోతుంది. విడకపోతే ఒక చేత్తో వలని ఒంటి నుంచి దూరంగా లాగి బిగువుగా పట్టుకోండి. పదును బయటికి ఉండేలా బ్లేడు దూర్చి, ఒంటి నుంచి దూరంగా లాగండి. కాలికి చుట్టుకున్న వల కళ్ళు కోస్తే చాలు, వల పైఅంచున ఉండే పైతాడు కోయొద్దు. అది తెగితే వల మొత్తం మీద పడుతుంది. ఆ వల ఇంకొకరి బతుకుతెరువు కూడాను. ఒడ్డుకొచ్చాక ఎక్కడ కోశారో వలవాళ్ళకి చెప్పండి.

ఇంటికొచ్చాక కడగడం. దీనికి మంచినీళ్ళే కావాలి. తీరం ఊళ్ళలో చాలా బోర్ల నీళ్ళే ఉప్పన. వాటితో కడిగితే ఉప్పుని ఉప్పుతో కడిగినట్టే. కాలవ నీరో, తాగేనీళ్ళ టిన్నులోంచి రెండు గ్లాసులో వాడండి. నీళ్ళలో ముంచి పదిసార్లు తెరిచి మూయండి, ఇరుసు సందులోంచి ఇసక రావాలి. తెరిచే ఉంచి నీడలో ఆరబెట్టండి. తడి చాకు మడిచి సంచిలో పడేస్తే, ఎంత ఖరీదైన ఉక్కైనా తెల్లారేసరికి స్క్రూల చుట్టూ ఎర్రబారుతుంది. ఆరాక ఇరుసులో ఒక్క చుక్క కుట్టుమిషన్ నూనె. కోనసీమలో చేతికందేది కొబ్బరినూనే, అయినా వద్దు. చలికాలం తెల్లవారుజామున అది గడ్డకడుతుంది, పాతబడితే బంకలా సాగుతుంది. నువ్వులనూనె మరీ జిగురు.

మరక పడితే వంటసోడా ముద్దతో తోమండి. ఇనప పీచు ముట్టించకండి. దాని నుసి గీతల్లో ఇరుక్కుని కొత్త తుప్పుకి విత్తనమవుతుంది. సానరాయి మీద నీళ్ళు పోస్తూ చేత్తో నూరుకోండి. వీధిలో తిరిగే సానచక్రానికిస్తే నిప్పురవ్వలు రాలుతాయి, అంచు నీలంగా మారుతుంది. అలా నీలంగా కమిలిన చోట గట్టిదనం పోతుంది, మర్నాడు ఉప్పునీళ్ళలో ముందుగా తుప్పు పట్టేదీ అక్కడే. పళ్ళున్న అంచుని చక్రం అసలు ముట్టుకోకూడదు. సన్నటి గుండ్రటి ఆకురాయితో ఒక్కో పన్నుకి, చెక్కిన వైపు నుంచే, నాలుగైదు సార్లు నెట్టితే చాలు.